ఆవిరిగొట్టం మీది పిట్ట

చలికాలం అయిపోయిందని మా పెద్దమ్మ పనిచేసే లాండ్రీలో పెద్దమ్మ చెప్పాలి. పెద్దమ్మకు ఒక పిట్ట చెప్పాలి. ఆ తరువాతే ఓనరుగారు లోపలి గది తాళం తీస్తారు.

ఆ వీధిలో ఇళ్ళన్నీ అగ్గిపెట్టెల్లాంటివి. చలి తగ్గగానే లావుపాటి కోట్లూ రగ్గులూ ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తోచదు. అందుకని లాండ్రీవాళ్ళే వాటిని ఉతికి, ఆరబెట్టి, సంచుల్లో కట్టి, మళ్ళీ చలి వచ్చేదాకా లోపలి గదిలో దాచిపెడతారు. గది నేలనుంచి కప్పుదాకా నిండిపోతుంది. నిండాక మధ్యలోంచి ఒక్క సంచి తీయాలన్నా ముందున్నవన్నీ దించాల్సిందే. అందుకే ఎప్పుడు మొదలుపెట్టాలన్నది అంత ముఖ్యం.

ఒక ఏడాది ఓనరుగారు తొందరపడ్డారట. ఎండ చురుక్కుమంటోంది కదా అని గది తెరిచేశారు. "సూదిపిట్ట ఇంకా కూయలేదండీ" అని పెద్దమ్మ అంటూనే ఉంది. గది నిండిన మర్నాటికి పోయిన చలి మళ్ళీ వెనక్కి తిరిగొచ్చింది. వీధి వీధంతా ముక్కులు ఎగబీల్చుకుంటూ వచ్చి, మా కోటు మాకిచ్చేయండి అని గుమ్మంలో నిలబడింది. ఉతికే మిషన్లు చూసే పొడుగాయన నిచ్చెన ఎక్కలేక, దిగలేక, "నేను లాండ్రీలో చేరానా, సర్కస్‌లో చేరానా?" అన్నాడట. ఆ దెబ్బతో ఓనరుగారు ఆకాశంవైపు చూడడం మానేసి పెద్దమ్మవైపు చూడడం మొదలుపెట్టారు.

సూదిపిట్ట అనేది పెద్దమ్మ పెట్టిన పేరు. అసలు పేరేమిటో, ఏ కూత దానిదో వీధిలో ఎవరికీ తెలియదు. పిడికిట్లో పట్టేంత ఉంటుంది. ఒళ్ళంతా బూడిద రంగు, మెడకింద మాత్రం పసుపు పూసినట్టు ఒక మచ్చ. చలికాలమంతా కిక్కురుమనకుండా పెరటి గోడ అవతల పొదల్లో తిరుగుతుంది. చలి నిజంగానే వెళ్ళిపోతున్నప్పుడు మాత్రం పెరట్లో ఆవిరి బయటికి పోయే గొట్టం మీద కూర్చుని, వెచ్చగా కాళ్ళు కాచుకుంటూ గొంతు విప్పుతుంది. రెండు పొడుగు ఈలలు, వాటి వెనకే గబగబా ఒక మెలిక, చివర చిన్న విరుపు. సూదితో గుచ్చినట్టు సన్నగా ఉంటుంది ఆ కూత.

పెద్దమ్మకు ఆ పిట్టతో స్నేహం కలవడానికి కారణం ఆమె నిలబడే చోటే. ఇస్త్రీ బల్లలన్నింటిలోకీ పెరటి కిటికీకి ఎదురుగా ఉన్నది ఆమెది. పెళ్ళయిన కొత్తలో, బస్సు డ్రైవరైన పెద్దనాన్న యూనిఫారం ఇస్త్రీ చేసి చేసి చేయి తిరిగింది. ఆ చొక్కా మడత చూసి అప్పటి ఓనరు, అంటే ఇప్పటి ఓనరుగారి నాన్న, బస్సు దిగబోతూ ఆగి, "ఇది ఎవరి చేతి పని?" అని అడిగాడట. వెనక బస్సుల హారన్లు మోగుతుంటే పెద్దనాన్న స్టీరింగు వదిలి, పెళ్ళాం గురించి గొప్పలు చెప్పాడట. అలా వచ్చి ఆ బల్ల దగ్గర నిలబడిన మనిషి ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది. ముందు కాలరు, తరువాత భుజాలు, చేతులు, ఆఖరికి వీపు. వీపు దగ్గర ఆమె ఎక్కువసేపు ఉంటుంది. "ముందుభాగం తొడుక్కున్నవాడే అద్దంలో చూసి సర్దుకుంటాడు. వీపు పాపం వాడికి కనపడదుగా, మనమే చూడాలి" అంటుంది.

ఎం.ఏ.లో చేరినప్పుడు నేను పెద్దమ్మ ఇంటికి వచ్చాను. క్లాసులు అయిపోయాక లాండ్రీకి వెళ్ళి, పెద్దమ్మ బల్ల పక్కన బట్టల బుట్టలమధ్య ఒక స్టూలు వేసుకుని చదువుకునేదాన్ని. ఊళ్ళోకల్లా వెచ్చని గ్రంథాలయం అదే. ఓనరుగారు ఏమీ అనేవారు కాదు. పొడుగాయన మాత్రం అటుగా వెళ్ళినప్పుడల్లా, "ఏమ్మా, ఆ పుస్తకం కూడా ఇస్త్రీ చెయ్యమంటావా? మూలలు మడతలు పడ్డాయి" అనేవాడు.

నా గొంతు మొదటినుంచీ చిన్నది. క్లాసులో జవాబు చెబితే లెక్చరరు, "ఏమిటీ?" అని రెండోసారి అడుగుతారు. ఆ రెండోసారికి నా ధైర్యం కాస్తా జారిపోతుంది. ఇంట్లోనూ అంతే. "నోట్లో నోట్లో గొణక్కే తల్లీ! పుస్తకంలో అక్షరాలకి నోరు లేదుగానీ నీకుందిగా!" అనేది పెద్దమ్మ. ఈ చలికాలంలో ఆ మాట మరీ ఎక్కువైంది. టీ పెట్టనా అని అడిగినా పలికేది కాదు. పక్కకి వెళ్ళి భుజం తడితే, "పిల్లిలా వస్తావేమిటే, గుండె ఆగిపోను!" అని ఉలిక్కిపడేది. నా గొంతు ఇంకా చిక్కిపోతోందనుకుని నేను సిగ్గుపడి ఊరుకునేదాన్ని. ఇంకెవరితోనూ ఆమెకు ఈ ఇబ్బంది లేదు మరి. పెద్దనాన్న రిటైరైనా ఇంట్లో ఉప్పు అందుకోమని చెప్పేది కూడా బస్సులో ఆఖరి సీటు దాకా వినపడేటట్టే. లాండ్రీలో మిషన్ల హోరుకు అందరూ అరుచుకుంటూనే మాట్లాడుకుంటారు.

ఈసారి ఎండ కొంచెం ముందుగానే రంగు మారింది. మధ్యాహ్నం కిటికీలోంచి పడే వెలుగు పెద్దమ్మ బల్ల అంచు దగ్గర ఆగిపోయేది కాస్తా, మెల్లగా బల్లమీదికి ఎక్కి పరుచుకుంది. పెరటి గోడ పక్కనున్న బోడిచెట్టు కొమ్మల చివర్లు ఉబ్బి, దగ్గరికి వెళ్ళి చూస్తే బియ్యపుగింజంత మొగ్గలు కనిపించాయి. ఒకరోజు పొద్దున్నే కాలేజీకి వెళ్తూ వెనకసందులోంచి నడుస్తుంటే సూదిపిట్ట కూత వినిపించింది. ఆగి విన్నాను. రెండు ఈలలు, మెలిక, విరుపు. పోయిన ఏడు పెద్దమ్మ పక్కన కూర్చుని విన్నదే. ఈపాటికి పెద్దమ్మ ఓనరుగారికి చెప్పేసే ఉంటుందనుకుని, సంతోషంగా వెళ్ళిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి లోపలి గది తాళం వేసే ఉంది. గుమ్మంలో పక్కింటి టీచరమ్మ చేతినిండా రగ్గులతో నిలబడి ఉంది.

"ఇంకా లేదు టీచరమ్మా," అంటోంది పెద్దమ్మ. "కొన్నాళ్ళు కప్పుకోండి. పిట్ట కూశాక నేనే కబురు పంపిస్తా."

"అవునా! ఎండ చూస్తే అయిపోయినట్టే ఉంది మరి."

"ఎండకేముందండీ, దానికి మాటమీద నిలకడ ఉండదు."

టీచరమ్మ నవ్వుతూ రగ్గులు మోసుకుంటూ వెళ్ళిపోయింది. నేను విన్నది ఏదో వేరే పిట్ట కాబోలు అనుకున్నాను. ఇన్నేళ్ళ నుంచి వింటున్న మనిషికి తెలియనిది, పుస్తకంలో తల దూర్చి తిరిగే నాకు ఏం తెలుస్తుంది? అయినా ఉండబట్టలేక, ఇంటికి నడిచి వస్తున్నప్పుడు, "పొద్దున ఏదో పిట్ట కూసినట్టుంది పెద్దమ్మా" అన్నాను. పెద్దమ్మ ముందుకు చూస్తూ నడుస్తూనే ఉంది. నమ్మలేదేమో అనుకుని నేను మళ్ళీ అనలేదు.

మర్నాడూ కూసింది. ఆ మర్నాడు ఇంకా గట్టిగా, ఇంకొక పిట్ట దూరం నుంచి జవాబు చెబుతుండగా కూసింది. నేనేమీ పొరబడడం లేదు. పెద్దమ్మ మాత్రం వచ్చినవాళ్ళనందరినీ వెనక్కి పంపుతూనే ఉంది.

ఇంతలో రోడ్డుకు అవతలి వైపు కొత్తగా పెట్టిన లాండ్రీవాళ్ళు బోర్డు కట్టారు. చలిబట్టలు దాచిపెడతామని, ఈ వారమే ఇస్తే ఉతుకు ఉచితమని ఎర్రటి అక్షరాలు. సాయంత్రానికల్లా అటువైపు మనుషులు బరువుగా వెళ్ళి తేలిగ్గా వస్తున్నారు. ఓనరుగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఆ రోడ్డునే చూస్తున్నారు.

"ఏమంటావమ్మా?" అని అడిగారు పెద్దమ్మను.

"ఇంకా కూయలేదండీ."

"మన పిట్టను వాళ్ళు ఎక్కువ జీతమిచ్చి తీసుకుపోలేదు కదా?" అన్నాడు పొడుగాయన.

అందరూ నవ్వారు. ఓనరుగారు నవ్వలేదు. "నీ మాట కాదని ఒకసారి చెయ్యి కాల్చుకున్నాను. మళ్ళీ ఆ పని చెయ్యను. కానీ వాళ్ళు గది నింపేసుకున్నాక మనం తాళం తీసి ఏం లాభం? రేపటిదాకా చూస్తాను. ఆ తరువాత పిట్ట లేదు, గిట్ట లేదు, తెరిచేస్తాను" అన్నారు.

పెద్దమ్మ తలూపింది గానీ ముఖం చిన్నబోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అన్యమనస్కంగా ఉంది. పెద్దనాన్న ఊరుకునే మనిషి కాదు. "పిట్ట రాకపోతే నన్ను పంపించు. ఆ గొట్టమెక్కి నేను కూస్తాను!" అన్నాడు.

"మీరు కూస్తే వచ్చే ఏడాది చలి కూడా పారిపోతుంది. నెమ్మదిగా మాట్లాడండి," అంది పెద్దమ్మ. నవ్వింది కూడా. కానీ తిన్నాక కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడి, తనలో తానే మాట్లాడుకుంటున్నట్టుగా, "చెట్టు ఒప్పేసుకుంది. ఎండ ఒప్పేసుకుంది. ఇదొక్కటే మొండికేసింది. నాదే పొరపాటా ఏమిటి?" అంది.

రోజూ వింటున్నాను కదా, చెప్పాలి. కానీ చెబితే ఏమని చెప్పాలి? నీకు తెలియనిది నాకు తెలిసిందనా? పిట్ట కూయడం, పెద్దమ్మకు అది తెలియకపోవడం, ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే వచ్చే మూడో సంగతి గురించి ఆలోచించడానికి నాకు భయం వేసింది.

మర్నాడు నాకు క్లాసులు లేవు. మధ్యాహ్నం మిషన్లు ఆపేసి అందరూ భోజనాలకు కూర్చున్నారు. పెద్దమ్మ డ్రైయరు జల్లెడ దులపడానికి పెరట్లోకి వెళ్తుంటే నేను కూడా వెళ్ళాను. బట్టలు ఆరినప్పుడు రాలే నూగు ఆ జల్లెడమీద మెత్తటి దుప్పటిలా పేరుకుంటుంది. దాన్ని ఊడదీసి గోడమీద పెట్టడం పెద్దమ్మకు అలవాటు. చలి వెళ్ళే రోజుల్లో పిట్టలు వచ్చి గూళ్ళకోసం పట్టుకుపోతాయి. ఆ రోజు ఎవరివో ఎర్రరగ్గులు ఆరబెట్టారు కాబట్టి నూగు కూడా ఎర్రగా ఉంది.

మేము మెట్టుమీద కూర్చున్నాం. కాసేపటికి సూదిపిట్ట పొదలోంచి వచ్చి గోడమీద వాలింది. అటూ ఇటూ చూసి, ఎర్ర నూగు ఇంత ముక్కున కరుచుకుని పొదలోకి దూరిపోయింది. పెద్దమ్మ నా మోచెయ్యి గిల్లింది. ముఖమంతా వెలుగే.

"వచ్చిందే! గూడు కూడా కట్టేస్తోందే! ఇంతదాకా వచ్చి నోరు మెదపదేం?"

పిట్ట మళ్ళీ వచ్చింది. ఈసారి ఆవిరిగొట్టం మీద వాలింది. ఒంటి ఈకలు గుండ్రంగా ఉబ్బించుకుని, తల పైకెత్తి, ముక్కు తెరిచి కూసింది. మాకూ దానికీ మధ్య నాలుగడుగుల దూరం కూడా లేదు. పసుపు మచ్చ వణుకుతోంది. రెండు ఈలలు, మెలిక, విరుపు. నా చెవులు గింగురుమన్నాయి.

పెద్దమ్మ కళ్ళార్పకుండా దానివైపే చూస్తోంది. నెమ్మదిగా ఆమె ముఖంలో జాలి నిండింది.

"అయ్యో, చూడవే," అంది గుసగుసగా. "నోరు తెరుస్తోంది గానీ ఏం రావడం లేదు. ఈ ఏటి చలికి గొంతు పోయినట్టుంది పాపం దానికి."

పిట్ట మళ్ళీ కూసింది. పెద్దమ్మ "అయ్యో, అయ్యో" అంటూనే ఉంది.

"పెద్దమ్మా, కూస్తోంది" అన్నాను.

ఆమె పిట్టవైపే చూస్తోంది. నేను పక్కనే ఉన్నాను, భుజం భుజం తగులుతోంది. మిషన్ల హోరు కూడా లేదు. అయినా ఆమెకు వినబడలేదు. పొద్దుపోయేవరకూ ఇలాగే కూర్చుంటే ఓనరుగారే తాళం తీసేస్తారు, నేను చెప్పాల్సిన అవసరమే ఉండదు. కానీ పెద్దమ్మ రేపటినుంచి తన మాట తనే నమ్మదు. పిట్ట గొంతు పోయిందని ప్రతి మనిషికీ చెబుతుంది. ఇదే పెరట్లో నిలబడి పిట్టను విన్నవాళ్ళు, ఆమె ముందు ఊరుకుని ఆమె వెనక నవ్వుతారు.

నేను లేచి ఆమె ఎదురుగా నిలబడ్డాను.

"పెద్దమ్మా! కూస్తోంది! రోజూ కూస్తోంది! నీకు వినబడడం లేదు!"

నా గొంతు అంత దూరం వెళ్తుందని నాకే తెలియదు. పిట్ట ఎగిరిపోయింది. పొడుగాయన చేతిలో ముద్దతోనే గుమ్మంలోకి వచ్చి, ఎవరు అరిచారో తెలియక నన్నూ పెద్దమ్మనూ మార్చి మార్చి చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

పెద్దమ్మ చేతిలో జల్లెడ అలాగే ఉంది. దానికి అంటిన నూగును వేలితో కాసేపు గీరింది.

"ఎన్నాళ్ళనుంచి?" అంది చివరికి.

"పిట్టా? పోయిన వారం నుంచి."

"టీచరమ్మ వచ్చిన రోజు కూడా కూసిందా?"

"కూసింది."

ఆమె గోడవైపు చూసింది. ఎర్రనూగులోంచి పిట్ట లాక్కుపోయిన చోట చిన్న గుంట ఉంది. తరువాత నావైపు తిరిగి, "అయితే నీ గొంతు బాగానే ఉందన్నమాట. ఊరికే ఇన్నాళ్ళూ నిన్ను తిట్టిపోశానే!" అంది. నవ్వాలని చూసింది. నేను పక్కన కూర్చున్నాను. ఆమె చెయ్యి ఎప్పుడూ ఇస్త్రీపెట్టెంత వెచ్చగా ఉంటుంది. ఆ రోజు చల్లగా ఉంది.

"ఓనరుగారికి ఏమని చెబుతావు?" అని అడిగాను. గట్టిగా.

"పిట్ట ఇవాళే కూసిందని చెబితే ఎవరికీ తెలియదు," అంది. "కానీ వచ్చే ఏడాదికి మళ్ళీ ఇదే గొడవ కదే" అని లేచింది. చీర కుచ్చిళ్ళమీద అంటిన నూగు దులుపుకుని, జల్లెడ నా చేతికిచ్చి, తిన్నగా గల్లాపెట్టె దగ్గరికి నడిచింది.

"గది తెరవండి బాబూ. పిట్ట వారంనుంచీ కూస్తోందట. నాకు చెవులు తగ్గాయి, తెలుసుకోలేకపోయాను. మీ బేరం నావల్లే పాడైంది."

ఓనరుగారు ఆమెవైపు చూశారు, గుమ్మంలో నిలబడ్డ నావైపు చూశారు, రోడ్డు అవతలి ఎర్ర అక్షరాలవైపు చూశారు. ఆయనకు కోపం వచ్చే ఉంటుంది. రాకపోవడానికి ఆయనేమీ దేవుడు కాదు. జేబులోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టి, "పోయినవాళ్ళు పోగా ఇంకా మిగిలే ఉంటారులే" అన్నారు. తరువాత, "మరి వచ్చే ఏడు ఎలా?" అన్నారు.

ఆ ప్రశ్నకే పెద్దమ్మ భయపడిందని నాకు తెలుసు. ఆమె తాళంచెవి వైపు చూస్తూ, "చెట్టునీ ఎండనీ నేను చూస్తాను. గూడు కడుతోందో లేదో నేను చూస్తాను. వినడం దీని పని" అని నన్ను చూపించింది.

"ఈ అమ్మాయా? ఈ అమ్మాయి మాట వినబడాలంటే మనమందరం పిట్టలమవ్వాలి!" అన్నారు ఓనరుగారు.

"అదేమీ లేదండోయ్," అన్నాడు పొడుగాయన లోపల్నుంచి. "ఇందాకటి కేక మీరు వినలేదు. నా ముద్ద నోట్లోకి పోక చేతిలోనే ఉండిపోయింది!"

ఆ సాయంత్రమే టీచరమ్మకు కబురు వెళ్ళింది. కొంతమంది అవతలి దుకాణానికి పోయారు, వాళ్ళు తిరిగి రాలేదు. చాలామంది వచ్చారు. పిట్ట మాటకోసమే ఆగామన్నారు, కొందరు నవ్వుతూ, కొందరు నిజంగానే. చెవుల డాక్టరు దగ్గరికి రావడానికి పెద్దమ్మను ఒప్పించేసరికి పెద్దనాన్నకు తల ప్రాణం తోకకొచ్చింది. "అరుస్తానని ఇన్నాళ్ళూ నన్ను తిట్టావు. ఇప్పుడు చూడు, నేనొక్కణ్ణే పనికొచ్చాను!" అని ఆయన మురిసిపోయాడు. మిషన్ల హోరు దగ్గర ఏళ్ళ తరబడి పనిచేస్తే సన్నటి శబ్దాలు ముందు పోతాయని, మాటలకు సాయపడే యంత్రం పెట్టొచ్చుగానీ అంత సన్నటి కూత వినబడుతుందని మాట ఇవ్వలేననీ డాక్టరు చెప్పింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ మేమిద్దరం మెట్టుమీద కూర్చున్నాం. పిట్ట గొట్టం మీద ఉంది. మెడకింది పసుపు వణుకుతోంది.

"ఇప్పుడు కూస్తోందా?" అంది పెద్దమ్మ.

నేను తలూపాను.

"ఎలా ఉందో చెప్పు."

చెప్పాలని చూశాను. సన్నగా ఉంది అన్నాను, తియ్యగా ఉంది అన్నాను. రెండేళ్ళుగా కవిత్వం చదువుతున్నదాన్ని, పిడికెడు పిట్ట గురించి ఒక్క మంచి మాట దొరకలేదు. పెద్దమ్మ ఓపిగ్గా వింటోంది, ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూస్తోంది. చివరికి, లోపల ఎవరైనా వింటారేమోనని ఒకసారి గుమ్మంవైపు చూసుకుని, పెదవులు ముడిచి ఈల వేశాను. పిట్ట గొంతంత పైకి నాకెలాగూ రాదు. లావుగా, కిందిస్థాయిలో, గాలి ఎక్కువా శబ్దం తక్కువా అయిన ఈల.

"వినబడడం లేదు," అంది పెద్దమ్మ. "గట్టిగా."

గట్టిగా వేశాను. లోపల పొడుగాయన నవ్వడం వినిపించింది. ఆగలేదు. రెండు పొడుగు ఈలలు, మెలిక.

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. తల ఒక పక్కకి వంచి, ఇస్త్రీ చేసిన చొక్కాలో ముడత వెతుకుతున్నట్టు వింది.

"మెలిక బాగానే ఉంది," అంది. "చివర ఒక విరుపుండాలి. మింగేశావు. మళ్ళీ."